ఒకటి తర్వాత ఏడు

మా చక్కెర ఫ్యాక్టరీలో బోల్టులు బిగించడం మా నాయిన ఉన్న రోజుల్లో ఒక పని. ఇప్పుడు అది ఒక విభాగం. దానికి ఒక గది, రెండు బీరువాలు, మూడు రకాల రిజిస్టర్లు, తలుపు మీద "క్రమబద్ధ బిగింపు విభాగం" అనే బోర్డు ఉన్నాయి. బోర్డుకు నాలుగు మూలలా నాలుగు స్క్రూలు ఉండాలి. ఒకటి లేదు. గాలి వచ్చినప్పుడు బోర్డు ఊగుతుంది.

ఇదంతా ఒక శాలువా వల్ల మొదలైంది. కిందటి సీజను ప్రారంభం రోజున చైర్మన్ గారు జ్యూస్ హీటరుకు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, దాని ముందే మైకు పట్టుకుని నిలబడ్డారు. మన రైతు చెమట చుక్క ఒక్కటి కూడా ఇక్కడ వృథా పోదని ఆయన చెబుతుండగా వెనక నుంచి గోరువెచ్చని చెరకు రసం సన్నటి ధారగా వచ్చి ఆయన కొత్త శాలువాను భుజం నుంచి అంచు దాకా తడిపింది. ఆయన ప్రసంగం ఆపలేదు. కారు ఎక్కేదాకా ఈగలు కూడా ఆయన్ను వదల్లేదు.

జ్యూస్ హీటరంటే చెరకు రసాన్ని వేడి చేసే పెద్ద ఇనుప పీపా. దానికొక ఇనుప మూత. పీపాకూ మూతకూ మధ్య గాజులాగా గుండ్రంగా ఉండే మెత్తటి పట్టీ ఒకటి పెడతారు. ఆఫీసు కాయితాల్లో దాని పేరు గాస్కెట్. పనిచేసేవాళ్లు ప్యాకింగు అంటారు. మూత చుట్టూ గడియారంలో అంకెల్లా పన్నెండు బోల్టులుంటాయి. అవి ప్యాకింగును అన్ని వైపులా సమంగా నొక్కితే రసం లోపల ఉంటుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ నొక్కితే శాలువా మీద ఉంటుంది.

ఆ ఏడు మూత బిగించినవాళ్లు బయటి కాంట్రాక్టరు మనుషులు. పూజ ముహూర్తం మించిపోతోందని గబగబా తిప్పేసి భోజనాలకు వెళ్లారు. ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అయితే విచారణకు వచ్చిన ఆడిట్ అధికారి దక్షిణామూర్తి గారు అందరికీ తెలిసిన సంగతులను లెక్కలోకి తీసుకోరు. రికార్డులో లేనిది జరగనట్టే అని ఆయన నమ్మకం. ఆ లెక్కన ఆ మూతను ఎవరూ బిగించలేదు. ఎవరూ బిగించని మూత కారడంలో వింత లేదని ఆయన పద్నాలుగు పేజీల్లో రాశారు.

దాంతో సరైన బిగింపును నిర్ధారించడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సంఘం మొదటి సమావేశంలో వదులు అంటే ఏమిటో చర్చించింది. రెండో సమావేశంలో గట్టి అంటే ఏమిటో చర్చించింది. మూడో సమావేశం నాటికి చీఫ్ ఇంజనీరు రాంకిషన్ రావు సార్ ప్యాకింగు తయారుచేసిన కంపెనీ కాయితం చదివి, ఈ బోల్టుకు బిగింపు తొంభై అని చెప్పారు. అది నిజంగానే సరైన అంకె. ఈ కథలో మొదటి పేజీలోనే తేలిపోయిన విషయం అదొక్కటే.

తొంభై ఎంతో కొలవడానికి పట్నం నుంచి టార్క్ పానా తెప్పించారు. పొడుగాటి పిడి, దాని మీద అంకెలు. అనుకున్న అంకె దాకా బిగించగానే బల్లి పలికినట్టు టక్కుమంటుంది. కొత్తది కదా, దాంతో బోల్టులు బిగించాల్సిన మా అమ్మకు నచ్చదేమో అనుకున్నాను. అమ్మకు చాలా నచ్చింది. ఇన్నాళ్లూ మోచెయ్యి చెప్పినదే ఇది కూడా చెబుతోంది, కాకపోతే దీనికి నొప్పి లేదు అంది.

అమ్మ పేరు గంగామణి. మూడేళ్ల కింద నాయిన పచ్చకామెర్లతో పోతే ఆయన స్థానంలో అమ్మను ఫిట్టరుగా తీసుకున్నారు, టెంపరరీగా. నాయినకు పని నేర్పిన ఖాజా మియా మేస్త్రే రిటైరయ్యే లోపల అమ్మకూ నేర్పాడు. అట్లా టెంపరరీగా ఉన్నవాళ్లు ఫ్యాక్టరీ మొత్తంలో పన్నెండు మంది. ఈ సీజను మొదలవగానే వాళ్లను పర్మనెంటు చేస్తామని జాబితా అంటించారు. అందులో అమ్మది ఏడో నంబరు. జాబితా కింద చిన్న అక్షరాలతో, మూడు మెమోలు అందుకున్నవారి పేరు తొలగించబడును అని ఉంది. పేరు తొలగిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మేముంటున్న క్వార్టరూ పోతుంది. అప్పటికి అమ్మకు ఒక్క మెమో కూడా లేదు.

టార్క్ పానాతోపాటు రిజిస్టరు కూడా వచ్చింది. ఏ బోల్టు, ఎన్ని గంటలకు, ఎంత బిగింపు, ఎవరి సంతకం, విశేషాలు అని అయిదు గళ్లు. మూత మీద ప్రతి బోల్టు పక్కనా తెల్ల పెయింటుతో ఒకటి నుంచి పన్నెండు దాకా వరుసగా నంబర్లు వేయించారు. అమ్మకు చదవడం వచ్చు. రాయడమే ఆమెకు పానా తిప్పడం కన్నా కష్టం. ఆమె రాసిన ఏడు అంకె మూడు గళ్లు ఆక్రమించింది. అది చూసి రాంకిషన్ రావు సార్, మీ అమ్మాయి దస్తూరి బాగుంటుందట కదా అని, బడి విడిచాక వచ్చి రాసిపెట్టడానికి నాకొక పాసు ఇప్పించారు. నేను పదో తరగతి. పాసు మీద నా పేరు పక్కన "కలము" అని ఉంది. ఎక్కడికి వెళ్లినా నోరు తెరవని నాకు అది సరిపోయే హోదా.

మొదటి రోజు అమ్మ ఎప్పుడూ చేసినట్టే చేసింది. ముందు అన్నింటినీ చేత్తో తిప్పి ఆనించింది. తర్వాత పానా ముప్పై మీద పెట్టి ఒకటో బోల్టు, దానికి ఎదురుగా ఉన్న ఏడు. తర్వాత ఆ రెంటికీ నడుమ పక్కనున్న నాలుగు, దాని ఎదురు పది. రెండు, ఎనిమిది. ఐదు, పదకొండు. మూడు, తొమ్మిది. ఆరు, పన్నెండు. ఒక చుట్టయ్యాక పానా అరవై మీద పెట్టి మళ్లీ అదే విధంగా ఇంకో చుట్టు, తొంభై మీద పెట్టి మూడో చుట్టు. ఆమె బిగించింది బిగించినట్టు రాశాను. మొత్తం ముప్పై ఆరు వరుసలు. నీళ్లు నింపి పరీక్ష చేస్తే చుక్క రాలేదు. ఇంత చక్కగా రాసిన పేజీ నా నోటు పుస్తకాల్లో కూడా లేదని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

వారం తిరక్కుండా అమ్మకు మొదటి మెమో వచ్చింది. నేనే చదివి వినిపించాను.

"సదరు ఉద్యోగిని ఒకటవ బోల్టు అనంతరం ఏ విధమైన పూర్వానుమతి లేకుండా ఏడవ బోల్టునకు వెళ్లియున్నారు. మధ్యనున్న ఐదు బోల్టుల పట్ల ఉపేక్ష వహించియున్నారు. మరియు ఒకే బోల్టును మూడు పర్యాయములు బిగించుట వలన మొదటి రెండు పర్యాయములు సక్రమముగా బిగించలేదని తామే అంగీకరించినట్లయినది."

అమ్మ అంతా విని, ఉపేక్ష అంటే ఏమిటని అడిగింది. పట్టించుకోకపోవడం అన్నాను. "ఐదింటిని పట్టించుకోలేదంటరా? రాసినవు గద బిడ్డా, అవ్విటి దగ్గరికి గూడ పోయిన." రాశాను. కానీ వరుసలో రాయలేదు.

సంజాయిషీకి పిలిచారు. పొడుగాటి బల్ల, దాని ఒక చివర దక్షిణామూర్తి గారు, ఇంకో చివర రాంకిషన్ రావు సార్. నేను అమ్మ వెనక రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. దక్షిణామూర్తి గారు సన్నగా, శుభ్రంగా ఉంటారు. జేబులో నాలుగు పెన్నులు ఎత్తు ప్రకారం పెట్టుకుంటారు. ఆయన అమ్మను గౌరవంగానే అడిగారు. ఒకటి తర్వాత ఏడు వచ్చే ఎక్కం మీరెక్కడ చదువుకున్నారమ్మా అన్నారు.

అమ్మ ఎక్కాలు చదువుకున్నది లేదు కాబట్టి తెలిసినది చెప్పింది. "బొంత పరిచేటప్పుడు సారూ, ఒక్కదిక్కే గుంజుకుంట పోతే రెండో దిక్కు ముడుతలొస్తయి. ఎదురుబొదురు ఇద్దరు నిలవడి కొంచెం కొంచెం గుంజాలె. ప్యాకింగు గూడ గంతే. ఒక పక్క నుంచి నొక్కుకుంట వస్తే ఇంకో పక్కకు ఉబ్బుతది."

దక్షిణామూర్తి గారు కాసేపు ఆలోచించి, బొంత ప్రస్తావనను రికార్డులో చేర్చవద్దని గుమాస్తాకు చెప్పారు. తర్వాత చీఫ్ ఇంజనీరు అభిప్రాయం అడిగారు. అమ్మ చెప్పింది అక్షరాలా సరైనదని రాంకిషన్ రావు సార్‌కు తెలుసు. ఆయన చదివిన పుస్తకాల్లో బొంత లేకపోయినా బొమ్మ అదే. అయితే ఆయన రిటైరుమెంటుకు పదకొండు నెలలే ఉంది. ఆయన ఫ్యాను వైపు చూసి, సాంకేతికంగా ఒక దృక్కోణం ఉందనీ, పరిపాలనాపరంగా ఇంకో దృక్కోణం ఉందనీ, సూత్రప్రాయంగా రెండూ వాంఛనీయమేననీ అన్నారు. ఫ్యాను కూడా అటూ ఇటూ తిరుగుతూ ఆయనతో ఏకీభవించింది.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇకపై బిగింపు పని ఒకటవ సంఖ్యతో ప్రారంభించి, రెండు, మూడు చొప్పున చివరి సంఖ్య వరకు క్రమము తప్పక కొనసాగించవలెను. ప్రతి సంఖ్యను ఒక్క పర్యాయము మాత్రమే బిగించవలెను." కింద సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర.

అమ్మ సర్క్యులర్ ప్రకారమే చేసింది. మూత విప్పి, కొత్త ప్యాకింగు పెట్టి, ఒకటో బోల్టును ఒక్కసారే తొంభైకి, తర్వాత రెండు, తర్వాత మూడు. ఆరో బోల్టు దగ్గరికి వచ్చేసరికి మూత అవతలి పక్క బొటనవేలు దూరేంత లేచింది. అమ్మ నా వైపు చూసింది. నేను "విశేషాలు" గడిలో ఏమీ లేవు అని రాశాను. పన్నెండు పూర్తయ్యాక ఒకటోదాన్ని వేళ్లతో తిప్పితే తిరిగింది. దాన్ని మళ్లీ బిగించడానికి వీల్లేదు, ఒక్క పర్యాయం అయిపోయింది.

నీళ్ల పరీక్షకు అధికారులంతా వచ్చారు. లోపల నీళ్లు నిండి ఒత్తిడి పెరగగానే తొమ్మిదో బోల్టు దగ్గర నీళ్లు గొడుగులా విచ్చుకున్నాయి. పది, పదకొండు కూడా మొదలుపెట్టాయి. దక్షిణామూర్తి గారు వెనక్కి అడుగేసి, కళ్లద్దాలు తుడుచుకుని, చాలాసేపు నీళ్ల వైపు చూశారు. ఆయనను బాధపెట్టింది నీళ్లు కావు. రెండో మెమోలో అది తెలిసింది.

"లీకేజీ ఒకటవ బోల్టు వద్ద ప్రారంభం కావలసియుండగా నేరుగా తొమ్మిదవ బోల్టు వద్ద ప్రారంభమైనది. ఇట్టి క్రమరాహిత్యమునకు సదరు ఉద్యోగిని అలవాటే మూలకారణమని భావించవలసియున్నది."

రెండు మెమోలయ్యాయి. సీజను ప్రారంభానికి పన్నెండు రోజులుంది. రైతులకు చెరకు నరకమని కబురు వెళ్లింది. ఆ లోపల మూత మళ్లీ బిగించాలి. వరుసగా బిగిస్తే కారుతుంది, కారితే మూడో మెమో. వరుస తప్పితే కారదు, వరుస తప్పినందుకు మూడో మెమో.

ఈలోగా సర్క్యులర్ పై అధికారులకు తెగ నచ్చింది. వరుసలో చేస్తే తప్పేమిటని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదేమని అందరూ ఆశ్చర్యపోయారు. ఫ్యాక్టరీలో "వరుస వారోత్సవం" ప్రకటించారు. గేటు నుంచి బాయిలరు దాకా గుడ్డ బ్యానర్లు కట్టారు. ఉదయం షిఫ్టు మొదట్లో అందరూ కుడి చెయ్యి చాచి, ఏ సంఖ్యనూ దాటిపోమని ప్రమాణం చేశారు.

కాంటీనులో టీ ఉద్యోగి నంబరు ప్రకారం ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకటో నంబరు మేనేజింగ్ డైరెక్టరు గారు పట్నంలో ఉంటారు కాబట్టి ఆయన టీ ఒక గ్లాసులో పోసి, చల్లారిందని ధ్రువీకరించాక రెండో నంబరును పిలిచేవారు. అమ్మది మూడు వందల పద్దెనిమిది. ఆమె ఉదయం టీ సాయంత్రం నాలుగున్నరకు వచ్చేది. కాంటీనులో టీ పోసే ఎల్లుబాయి కూడా అమ్మ లాగే టెంపరరీ, జాబితాలో అమ్మ తర్వాతి పేరు. తను కాచిన టీ తన వంతు వచ్చేసరికి తనే గుర్తుపట్టలేకపోతున్నానని చెప్పేది.

గేట్లు కూడా వరుసలో తీయాలన్నారు. ఒకటో గేటును పదేళ్ల కిందటే ఇటుకలతో మూసేశారు. వాచ్‌మన్ రోజూ పొద్దున ఆ గోడ దగ్గరికి వెళ్లి, తాళంచెవి ఇటుకకు ఆనించి, తీసినట్టు రాసి సంతకం పెట్టి, అప్పుడు రెండో గేటు తీసేవాడు. ఒక రోజు ఆయన జ్వరంతో రాలేదు. ఆయన బదులు వచ్చినతను గోడను తీయడం మరిచిపోయాడు. రెండో గేటు బయట రెండు షిఫ్టుల మనుషులు నిలబడ్డారు.

పర్మనెంటు జాబితాకు కూడా ఇదే వర్తించింది. ఒకటో నంబరు మనిషికి ఉత్తర్వు తయారైంది. రెండో నంబరు మనిషికి ఏడాదిన్నర కింద రైల్వేలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆయన వచ్చి నాకు వద్దు అని రాసిచ్చేదాకా మూడో నంబరు కాయితం ముట్టుకోరాదు. ఆయనకు మూడు ఉత్తరాలు రాశారు. రెండో ఉత్తరం పోస్టులో పోయింది. అందుకని మూడోది చేరినా చెల్లదని వెనక్కి తెప్పించారు.

సీజనుకు అయిదు రోజులుందనగా ఖాజా మియా మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. గడప దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని రెండు మెమోలూ నాతో చదివించుకుని విన్నాడు. బిగించేదేమో నీ పద్ధతిలో బిగించు గంగామణీ, రాసేదేమో వాళ్ల పద్ధతిలో రాయించు అన్నాడు. ఇనుముకు ఇనుము, కాయితానికి కాయితం.

అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "పిల్ల చేత అబద్ధం రాపియ్య మామా. దీని నాయిన పనిచేసిన జాగల నేను సంతకం పెడుతున్న."

మేస్త్రి మెమోలు రెండూ మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత తనలో తను అన్నట్టు అన్నాడు. "ప్యాకింగుకు నంబర్లు తెల్వయి బేటీ. ఎవలు ఎదురుంగ నిలవడి నొక్కుతున్నరో అదొక్కటే తెలుస్తది. నంబర్లన్నీ మన పెయింటు."

ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను. రాసి, దాని కింద ఒక గుండ్రం గీసి, చుట్టూ పన్నెండు చుక్కలు పెట్టాను. సర్క్యులర్ నకలు నా దగ్గరే ఉంది. మళ్లీ చదివాను. ఒకటితో మొదలుపెట్టి రెండుకు పోవాలని ఉంది. రెండు ఎక్కడ ఉండాలో లేదు. ఒకటి పక్కన రెండు వేసింది సర్క్యులర్ కాదు, పెయింటరు. నేను ఒకటికి ఎదురుగా రెండు అని రాశాను. ఆ రెంటికీ నడుమ పక్కకు వచ్చి మూడు, దానికి ఎదురుగా నాలుగు. అట్లా పన్నెండు దాకా వేసుకుంటూ పోయాను. ప్రతి సంఖ్యనూ ఒక్కసారే బిగించాలని కూడా ఉంది. అయితే ఒక బోల్టుకు ఒకటే సంఖ్య ఉండాలని లేదు. అందుకని రెండో చుట్టు కోసం అవే చుక్కల కింద పదమూడు నుంచి ఇరవై నాలుగు, మూడో చుట్టు కోసం ఇరవై అయిదు నుంచి ముప్పై ఆరు రాశాను.

పొద్దున అమ్మ తల దువ్వుకుంటుండగా డైరీ ముందు పెట్టాను. ఆమె వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని చూసుకుంటూ గుండ్రం మీద అటూ ఇటూ దాటింది. మూడు చుట్లు వేలు తిప్పింది. తర్వాత దువ్వెన కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. మెమోలు వచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు.

పరీక్షలో కారిన నీళ్లకు పాత నంబర్లు నిజంగానే సగం చెరిగిపోయి ఉన్నాయి. "నంబర్లు చెరిగినవి, తిరిగి వేయుటకు పెయింటు కావలెను" అని అర్జీ రాశాను. నంబర్ల గురించి వచ్చిన అర్జీ కాబట్టి వారోత్సవంలో దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేదు. గంటలో ఒక డబ్బా తెల్ల పెయింటు, ఒక కుంచె ఇచ్చారు. అమ్మ డైరీ పట్టుకుంది, నేను నంబర్లు వేశాను. అది ఆరాక అమ్మ టార్క్ పానా తీసుకుని ఒకటి, రెండు, మూడు అనుకుంటూ ముప్పై ఆరు దాకా ఒక్కటీ దాటకుండా బిగించింది. నేను వరుసగా రాశాను. ఒక్క అబద్ధం లేదు. నీళ్ల పరీక్షలో ఒక్క చుక్క లేదు.

రిజిస్టరు చూసి దక్షిణామూర్తి గారి ముఖం వికసించిందని గుమాస్తా చెప్పాడు. సంఖ్యలు వరుసలో ఉన్నాయి. అంతే కాదు, బిగింపు కూడా ముప్పై, అరవై, తొంభై అని ఆరోహణ క్రమంలో ఉంది. పైగా ఇదివరకు పన్నెండు బోల్టులు బిగించిన మనిషి ఇప్పుడు ముప్పై ఆరు బిగించింది. క్రమశిక్షణ వల్ల ఉత్పాదకత మూడింతలైందని ఆయన నివేదిక పంపారు. హీటరును మాత్రం ఆయన చూడలేదు. రిజిస్టరు ఇంత బాగున్నప్పుడు హీటరుతో పనేముంది.

ఆయన హీటరును చూసింది ప్రారంభం రోజునే. గేటు బయట రోడ్డు పొడవునా చెరకు బండ్లు నిలబడ్డాయి. చైర్మన్ గారు ఈసారి శాలువా మీద ప్లాస్టిక్ కోటు వేసుకుని వచ్చి, కొబ్బరికాయ కొట్టి, మైకు ముందుకు వెళ్తూ ఒకసారి వెనక్కి చూశారు. అందరం చూశాం. రసం లోపలికి వెళ్లింది. వేడెక్కింది. ప్రసంగం సాంతం అయిపోయింది. చైర్మన్ గారు మూత చుట్టూ చెయ్యి తిప్పి, పొడిగా ఉన్న అరచెయ్యి కెమెరాకు చూపించారు. తర్వాత ప్లాస్టిక్ కోటు విప్పేశారు.

చప్పట్ల మధ్య దక్షిణామూర్తి గారు మూత దగ్గరికి వంగారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఒకటి, ఐదు, తొమ్మిది, మూడు. ఆయన వేలు అక్కడ ఆగిపోయింది. చప్పట్లు కూడా ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఇదెవరు వేశారని ఆయన అడిగారు. అమ్మ ముందుకు అడుగేయబోయింది. రెండు మెమోలున్న మనిషి. ఆమె ఏం చెప్పినా అందులో బొంత ఉంటుంది, బొంత రికార్డులోకి పోదు. రాంకిషన్ రావు సార్ ఫ్యాను కోసం పైకి చూశారు. అక్కడ ఫ్యాను లేదు, రేకుల కప్పు ఉంది. నేను చెయ్యి ఎత్తాను, బడిలో ఎత్తినట్టు.

"నేనే సార్. సర్క్యులర్‌లో ఒకటి తర్వాత రెండు బిగించాలని ఉంది. రెండు ఎక్కడుండాలో లేదు సార్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దక్షిణామూర్తి గారు చెయ్యి చాచారు. గుమాస్తా సర్క్యులర్ తెచ్చాడు. ఆయన నిలబడే చదివారు. ఒకసారి వెనక పక్క కూడా తిప్పి చూశారు. బండ్ల దగ్గర ఎద్దుల మెడగంటలు వినిపిస్తున్నాయి. చివరికి ఆయన కాయితం మడిచి జేబులో పెన్నుల వెనక పెట్టుకున్నారు.

"రికార్డులో లేనిది తప్పు కాజాలదు," అన్నారు. కొంచెం ఆగి, మూతను మళ్లీ ఒకసారి చూసి, చైర్మన్ గారి పొడి అరచెయ్యిని కూడా చూసి, "ఈ విధానము నా పరిశీలనలో ఎప్పటినుంచో ఉన్నదే," అన్నారు.

వారం లోపల కొత్త సర్క్యులర్ వచ్చింది. దాని పేరు "పరస్పరాభిముఖ క్రమ విధానము." వరుసగా పోవడం పాతకాలపు, అశాస్త్రీయమైన పద్ధతి అనీ, నేటి నుంచి ఫ్యాక్టరీలో సమస్త కార్యములూ ఒకటి తర్వాత ఏడు, ఆపై నాలుగు, పది చొప్పున ఎదురెదురుగా జరగవలెననీ అందులో ఉంది. వారోత్సవం బ్యానర్లను తిరగేసి వెనక పక్కన కొత్త నినాదాలు రాశారు. వాచ్‌మన్ ఇప్పుడు ఇటుక గోడను తీసి, తర్వాత ఏడో గేటు కోసం బయలుదేరుతున్నాడు. మాకున్నవి మూడే గేట్లు. ముప్పై ఆరు నంబర్లు చూసి స్టోరువాళ్లు ముప్పై ఆరు బోల్టులని రాసుకున్నారు. కనబడని ఇరవై నాలుగింటి కోసం గాలిస్తున్నారు.

పర్మనెంటు జాబితాను కూడా కొత్త విధానంలోకి మార్చారు. పన్నెండు మంది పేర్లనూ డ్రాయింగు షీటు మీద గుండ్రంగా రాసి నోటీసు బోర్డుకు అంటించారు. ఒకటో నంబరుకు ఉత్తర్వు ఇచ్చేశారు. ఒకటికి ఎదురుగా ఏడు.

అమ్మ ఉత్తర్వును దక్షిణామూర్తి గారే స్వయంగా ఇచ్చారు. బొంత గురించి ఆయన ఏమీ అనలేదు. అమ్మ సంతకం పెట్టింది. అది మూడు గళ్లు ఆక్రమించినా ఈసారి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇంటికొచ్చి ఆ కాయితాన్ని నాయిన ఫొటో వెనక పెట్టి, రెండు చేతులతో ఫొటో చట్రాన్ని రెండు పక్కలా సమంగా నొక్కింది.

తర్వాత నాలుగో నంబరుకు వచ్చింది, పదికి వచ్చింది. పది తర్వాత మళ్లీ రెండు. రెండో నంబరు మనిషి ఇంకా రైల్వేలోనే ఉన్నాడు. జాబితా అక్కడ ఆగిపోయింది.

నిన్న సాయంత్రం ఎల్లుబాయి మా ఇంటికి వచ్చింది. ఆమెది ఎనిమిది. అంటే రెండు తర్వాత. అమ్మ పెట్టిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చాలాసేపు అదీ ఇదీ మాట్లాడింది. లేచి చెప్పులు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"నోటీసు బోర్డు కాడ రాతిరి వాచ్‌మన్ ఉండడట బిడ్డా. గా పెయింటు డబ్బల ఇంకేమన్న మిగిలిందా?"

మంచం కింద చూశాను. సగం ఉంది.